కాంటూరు గీత రైతు చేతిలో ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మహారాష్ట్రలోని నాందేడ్, యవత్‌మాల్ జిల్లాల సరిహద్దు తాలూకాల్లో బావులు సంక్రాంతి దాటగానే అడుగంటుతున్నాయని, కాబట్టి మరిన్ని చెక్‌డ్యాములు కట్టాలని, వాగులను మరింత లోతుగా తవ్వించాలని కోరుతూ ఈ మధ్య మీ పత్రికలో తరచుగా లేఖలు వస్తున్నాయి. రాసినవారి బాధ నిజమైనదే. అయితే వారు కోరుతున్న మందు ఇప్పటికే ఈ నేల మీద వాడి చూసినదే గనుక, మరో ఖండంలో మనకంటే తక్కువ వాన పడే చోట ఇదే రోగానికి ఏం చేశారో, అందులో ఏది చెడి ఏది నిలిచిందో మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను వ్యవసాయ సహాయకుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనలో ఇటు నాందేడ్ జిల్లాలోకి వచ్చిన కిన్వట్ తాలూకా మాది. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అంగట్లో రెండూ మాట్లాడుకునే ఊళ్లు మావి.

పశ్చిమ ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన సాహెల్ అనే మెట్ట ప్రాంతం ఉంది. అందులో బుర్కినా ఫాసో దేశపు ఉత్తర భాగంలో ఉన్నది యాటెంగా. సగటున 500 నుంచి 600 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. చెడ్డ ఏడాదిలో 400 కూడా దాటదు. మా నాందేడ్ జిల్లా సగటు 900 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. పండేది జొన్న, సజ్జ. వాన జూన్‌లో మొదలై సెప్టెంబరులో ఆగిపోతుంది; మిగిలిన ఎనిమిది నెలలూ పొడి కాలమే. 1968 నుంచి 1973 దాకా సాగిన కరువులో పశువులు చచ్చి, పడుచువాళ్లు దక్షిణాన ఉన్న కోట్ దివ్వార్ దేశపు తోటలకు వలసపోయి, ఊళ్ల చుట్టూ ఉన్న పొలాలు పైపొర కొట్టుకుపోయి సిమెంటు గచ్చులా గట్టిపడ్డాయి. అటువంటి నేల మీద పడిన వాన ఇంకదు, జారిపోతుంది.

ఈ కరువుకు ముందే అక్కడ నేలను కాపాడే పెద్ద పథకం ఒకటి నడిచిందన్న సంగతి మన చర్చకు ముఖ్యం. 1962 నుంచి 1965 దాకా, దేశానికి ఇంకా అప్పర్ వోల్టా అనే పేరున్న రోజుల్లో, జెరెస్ అనే ఐరోపా సంస్థ భారీ యంత్రాలను దించి యాటెంగాలో సుమారు 1,20,000 హెక్టార్ల మీద మట్టి గట్లు వేసింది. ఇంజినీర్లు వాలు కొలిచారు, పటాలు గీశారు, యంత్రాలు గట్లు పోశాయి. లెక్క ప్రకారం పని పూర్తయింది. కానీ ఆ గట్లు ఎవరి పొలంలో పడుతున్నాయో ఆ రైతును ఎవరూ అడగలేదు. తక్కువ వాన పడే నేలలో రైతుకు పై వాలు నుంచి వచ్చే నీరే ఆసరా. గట్లు ఆ నీటిని పొలం దాకా రానివ్వకుండా పక్కకు తిప్పాయి. తన పొలంలోకి రావలసిన నీటిని ఆపిన గట్టును ఏ రైతు మరమ్మతు చేస్తాడు? కొన్నేళ్లలోనే అవి తెగి, కరిగి, నేలలో కలిసిపోయాయి.

నాకు ఈ కథ చదివినప్పుడు ఎక్కడో ఆఫ్రికా కథ చదివినట్టు అనిపించలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2014 డిసెంబరులో ఊరి వాననీటిని ఊళ్లోనే నిలిపే జలయుక్త శివార్ అభియాన్ అనే పథకం ప్రారంభించి, ఏటా 5,000 గ్రామాల చొప్పున 2019 నాటికి రాష్ట్రాన్ని కరువు లేని రాష్ట్రంగా చేస్తామని ప్రకటించింది. సుమారు 9,600 కోట్ల రూపాయలు ఖర్చయ్యాక, 2020లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక ఆ పథకం వల్ల భూగర్భ జలాల్లో ఆశించిన పెరుగుదల కనిపించలేదని చెప్పింది. పథకంలో మంచి పనులు జరగలేదని నేను అనను. పై వాలులో రాళ్ల అడ్డుకట్టలు, వాలుకు అడ్డంగా తవ్వే సీసీటీ కందకాలు ఓపికగా వేసిన ఊళ్లలో ఫలితం కనిపించింది. కానీ బిల్లుకు తేలికైన పని వాగును జేసీబీతో లోతు చేయడమే కాబట్టి, నాలా ఖోలీకరణ్, అంటే వాగు తవ్వకం, అన్న మాటే చాలా ఊళ్లలో జలయుక్త శివార్‌కు మారుపేరైంది. రెండో దశ 2023లో మొదలైంది గనుక ఇది గతాన్ని తవ్వుకోవడం కాదు. వచ్చే వేసవిలో ఎక్కడ ఏ పని పడుతుందన్న ప్రశ్న ఇది.

సహ్యాద్రి తోకలా సాగిన మా గుట్టల్లో పై వాలంతా మొరం చెలక, మధ్యలో పలుచని మట్టి, పెన్‌గంగకు దిగే పల్లంలో మాత్రమే లోతైన నల్లరేగడి. నీళ్లు పరుగెత్తేది పై వాలు మీద. మట్టి పోయేదీ అక్కడే. వాగు అడుగును ఎంత తవ్వినా అది పరుగు ముగిసిన చోట చేసే పనే తప్ప పరుగును ఆపే పని కాదు. పైగా రాతి పొర దాకా గీకేస్తే పక్క బావుల నీరు వాగులోకి ఊరి, మార్గశిరానికే వాగుతో పాటు బావి కూడా ఎండిన సందర్భాలు మా వైపు రైతులకు తెలుసు.

జెరెస్ విఫలమైన నేల మీదే 1979లో ఆక్స్‌ఫామ్ అనే బ్రిటిష్ సేవాసంస్థ మరో ప్రాజెక్టు మొదలుపెట్టింది. వాళ్లు మొదట చెట్లు నాటించడానికి వచ్చారు. నీరు నిలవడానికి మొక్క చుట్టూ చిన్న చిన్న మళ్లు చేయించారు. రైతులు ఆ మళ్లలో చెట్ల కంటే జొన్న పెట్టడానికే ఇష్టపడ్డారు. అక్కడ ఆ ప్రాజెక్టువారు చేసిన పనిని నేను మెచ్చుకుంటాను: పథకం పత్రంలో చెట్లని రాసి ఉందని పట్టుబట్టకుండా, రైతులు ఏం కోరుతున్నారో చూసి దారి మార్చుకున్నారు. యాటెంగా రైతులకు తాతల నాటి నుంచే పొలంలో రాళ్లు వరుసగా పేర్చి మట్టిని పట్టుకునే అలవాటు ఉంది. లోపం ఒక్కటే. అక్కడి వాలు నూటికి ఒకటి, రెండు వంతులే కనుక కంటికి కనిపించదు. కంటి అంచనాతో పేర్చిన వరుసకు పల్లపు చోట నీరు చేరి, అక్కడే తెంపుకుని పోతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, అంటే కాంటూరు గీత, దొరికితే ఆ పాత పద్ధతే పనిచేస్తుంది.

ఆ గీత కోసం వాళ్లు తెచ్చిన సాధనం మన మేస్త్రీలందరి దగ్గరా ఉండే లెవెల్ పైపు. పది ఇరవై మీటర్ల పారదర్శకపు గొట్టం, రెండు కర్రలు, కొంచెం నీరు. కర్రలకు గొట్టం రెండు కొసలు కట్టి, నీళ్లు పోసి, రెండు కొసల్లో నీరు ఒకే గుర్తు దగ్గర నిలిచిన చోటల్లా గడ్డపారతో గాటు పెట్టుకుంటూ పోతారు. అప్పట్లో దాని ఖరీదు కొద్ది డాలర్లు. అక్షరం రాని రైతు కూడా ఒకటి రెండు రోజుల్లో నేర్చుకుని మరొకరికి నేర్పగలిగాడు. గాట్ల వెంట అడుగుకు అటూ ఇటుగా వెడల్పున, లోతు తక్కువగా గాడి తీసి, అందులో పెద్ద రాళ్లు అడుగున, చిన్నవి సందుల్లో పెట్టి, జానెడు ఎత్తు వరుస పేర్చారు. దీని బలం అంతా ఇది గోడ కాకపోవడంలోనే ఉంది. మట్టి గట్టు నీటిని ఆపుతుంది, ఎక్కువైతే తెగుతుంది. రాతి వరుస నీటిని నెమ్మదింపజేసి సందుల్లోంచి వదులుతుంది. వేగం తగ్గిన నీరు తనతో తెచ్చిన ఒండ్రు, పేడ, ఆకులు, గడ్డి గింజలు వరుస వెనక వదిలేసి పోతుంది. రెండు మూడు వానాకాలాలకు వరుస వెంట గడ్డి మొలిచి, రాళ్లు కదిలినా వేళ్లు పట్టుకుంటాయి.

మా తాలూకాలో నేను గమనించిన ఒక చెలకలో ఈ తేడా పక్కపక్కనే కనిపించేది. ఒకే వాలు, ఇద్దరు అన్నదమ్ముల వాటాలు. పై వాటాలో గుత్తేదారు యంత్రంతో పోసిన మట్టి గట్టు చూడడానికి దర్జాగా ఉండేది. కొలత పుస్తకంలో పొడవు, ఎత్తు సరిగ్గానే ఎక్కాయి. కానీ గట్టు ట్రాక్టరు తిరగడానికి అనువుగా పొలం హద్దు వెంట తిన్నగా వేశారే తప్ప వాలుకు అడ్డంగా వంపు తిప్పలేదు. ఆషాఢంలో పడిన మొదటి పెద్ద వానకు నీరంతా ఈశాన్య మూలకు చేరి, గట్టును బండి పట్టేంత వెడల్పున తెంపి, కింది వాటాలో మొలకెత్తిన పత్తిని ఒండ్రు కింద పాతిపెట్టింది. కింది వాటా పెద్దాయన మరుసటి వేసవిలో తన పొలంలోనే ఏరిన రాళ్లతో, ఊళ్లో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చుకుని, కూతురు ఒక కొస పట్టుకోగా తాను ఒక కొస పట్టుకుని, నాలుగు వరుసలు పేర్చుకున్నాడు. అవి వంకరటింకరగా పోతాయి, ట్రాక్టరు వాడు సణుగుతాడు. ఆ మాటా నిజమే. వంపు తిరిగిన వరుస మధ్య గుంటక తోలడం కష్టం. కానీ వాటి వెనక మూడేళ్లకు అరచేయి మందాన నల్లమట్టి చేరింది, కంది అక్కడ మోకాలెత్తు ఎక్కువే ఉండేది. ఆ పెద్దాయనకు ఏ పథకమూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆ పని ఏ పథకపు అంచనా పట్టికలోనూ ఇమడదు.

యాటెంగాలో రాతి వరుసలకు తోడు జాయీ అనే గుంతల సాగు కూడా ఉంది. వాహిగుయా పట్టణం పక్కన గుర్గా అనే ఊరి రైతు యకూబా సవడోగో 1980 ప్రాంతంలో దీన్ని మెరుగుపరిచాడు. పొడి నెలల్లోనే గట్టిపడ్డ నేలలో జానెడు వెడల్పు, అరజానెడు లోతు గుంతలు వేలకొద్దీ తవ్వి, అందులో గుప్పెడు పశువుల ఎరువు వేసి ఉంచుతారు. ఎరువు వాసనకు చెదలు వచ్చి నేల లోపలికి సొరంగాలు చేస్తాయి. మన రైతు చెద పేరు చెబితేనే ఉలిక్కిపడతాడు. అక్కడ అవే రాయిలాంటి నేలను గుల్ల చేసే కూలీలు. తొలకరి పడగానే నీరు గుంతలో ఆగి ఆ సొరంగాల్లోకి దిగుతుంది. జొన్న గింజ అక్కడే మొలుస్తుంది. ఎండాకాలంలో నేల తవ్వుతున్నాడని ఊరివాళ్లు అతన్ని పిచ్చివాడనుకున్నారు. 1984 నుంచి అతను ఏటా రెండుసార్లు తన పొలంలోనే సంత లాంటిది పెట్టి, దూరపు ఊళ్ల రైతులు విత్తనాలు మార్చుకునేలా, గుంతలు చూసి వెళ్లేలా చేశాడు. ఎరువులో కలిసి వచ్చిన చెట్ల గింజలు మొలిస్తే పీకకుండా పెంచి, బంజరును అడవి చేశాడు. 2018లో ప్రత్యామ్నాయ నోబెల్ అని పేరున్న రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. 2023 డిసెంబరులో కన్నుమూశాడు. అయితే ఆ అడవిలో కొంత భాగం వాహిగుయా పట్టణ విస్తరణలో ఇళ్ల ప్లాట్ల కింద పోయిందని కూడా చెప్పాలి. పురస్కారం ఇచ్చేవారు వేరు, హక్కుపత్రం ఇచ్చేవారు వేరు.

జాయీని ఉన్నదున్నట్టు మన నల్లరేగడిలో చేయమని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. రేగడిలో గుంత తవ్వితే మంచి వానకు నీరు నిలిచి పత్తి వేరు కుళ్లుతుంది. అది పై వాలు మొరం నేలలకు, తవుడులా మట్టి పోయి రాయి తేలిన బీళ్లకు మాత్రమే పనికొచ్చే పద్ధతి. అందులోనూ ఒక చిక్కు ఉంది. హెక్టారుకు పది పదిహేను వేల గుంతలు తవ్వాలంటే వందల గంటల చాకిరీ, ప్రతి గుంతకూ ఎరువు కావాలి. మా ఊళ్లలో ట్రాక్టర్లు వచ్చాక జోడెడ్లు తగ్గాయి, ఎడ్లతో పాటు పెంట తగ్గింది. ఉన్న పత్తికట్టెను, కందికట్టెను కొందరు పొలంలోనే తగలబెడుతున్నారు. యాటెంగాలోనూ ఎరువు, బండి, కూలి డబ్బు ఉన్న రైతులే ముందు లాభపడ్డారు. వాళ్లకు ఎరువు ఎక్కువ ఉండడం వల్ల గుంతలు వచ్చాయో, గుంతల వల్ల దిగుబడి పెరిగి పశువులు పెరిగాయో అన్నది వేరే చర్చ. బీద ఇల్లు దీన్ని ఒంటరిగా చేయలేదన్నది మాత్రం తేలింది.

అందుకే అక్కడ సంఘాల సంగతి చెప్పాలి. యాటెంగా పల్లెల్లో పంటపనుల కాలంలో పడుచువాళ్లు జట్టుగా కలిసి ఒకరి పొలం తరువాత ఒకరి పొలం చేసే పాత ఆచారం ఉండేది. బెర్నార్ లెదేయా వెద్రావోగో అనే ఉపాధ్యాయుడు 1967 నుంచి ఆ ఆచారాన్నే ఆధారం చేసుకుని నామ్ సంఘాలను నిర్మించాడు. కొత్త సంఘం పేరుతో ఊరి పాత కట్టుబాటును చెరపకూడదన్నది అతని పట్టుదల. పంట లేని ఎనిమిది నెలల్లో ఈ సంఘాలు రాళ్లు మోసేవి, చెరువు గట్టు పోసేవి, ధాన్యం గింజల గిడ్డంగి నడిపేవి. రాళ్ల మోతలో ఆడవాళ్ల పాలే ఎక్కువ.

ఈ సంఘాలకు డబ్బు అందిన తీరు ఇంకా ముఖ్యం. 1970ల చివర వెద్రావోగో, ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ లెకోంత్ కలిసి సిక్స్-ఎస్ అనే సంస్థ పెట్టారు. పొడి కాలాన్ని సొంత పనికి వాడుకోవడం అన్నదే ఆ పేరు వెనకున్న సంగతి. సాధారణంగా దాతలు ఇన్ని బావులు, ఇన్ని గట్లు అని ముందే గీసి డబ్బు ఇస్తారు. సిక్స్-ఎస్ ఒక మొత్తం ప్రాంతపు సంఘాల చేతిలో పెట్టి, ఏ ఊళ్లో ఏ పని అన్నది వాళ్లే కూర్చుని తేల్చుకుని, తరువాత లెక్క చెప్పే పద్ధతి తెచ్చింది. అనువైన నిధి అనేవారు దాన్ని. లెక్క ఎవరూ అడగలేదని కాదు; లెక్క పని అయ్యాక అడిగారు, పని ఎంపిక మాత్రం ఊరికి వదిలారు. వెద్రావోగోకు కూడా 1990లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది.

ఇటువంటి డబ్బు మనకు లేదా అంటే ఉంది. కిన్వట్ తాలూకాలో చాలా ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలోవి. గోండు, కోలాం, ఆంధ్, పర్ధాన్ కుటుంబాలు తెలుగు, మరాఠీ, బంజారా కుటుంబాలతో కలిసి ఉండే ఊళ్లు. మహారాష్ట్రలో 2015 నుంచి గిరిజన ఉపప్రణాళిక నిధుల్లో 5 శాతం పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం, కిందికి వచ్చే పంచాయతీలకు నేరుగా వస్తోంది. దాన్ని దేనికి వాడాలో నిర్ణయించవలసింది గ్రామసభ. కాగితం మీద ఇది యాటెంగా నిధికి ఏమీ తీసిపోదు. ఆచరణలో సభ ఎలా నడుస్తుందో చెబితే పాఠకులకు అర్థమవుతుంది. సర్క్యులర్ మరాఠీలో వస్తుంది, చదివేవారు మరాఠీలో చదువుతారు, తండా ఆడవాళ్లు, గోండు గూడెం పెద్దలు, మా తెలుగు కాపులు తలాడిస్తారు, రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు పడతాయి. పనుల జాబితా అప్పటికే తాలూకా కేంద్రంలో తయారై ఉంటుంది. గద్దె మీద కూర్చున్నవారిలో చెడ్డవారెవరూ లేకపోయినా ఇలాగే జరుగుతుంది. ఎందుకంటే మార్చి నెలాఖరు లోపు ఖర్చు చూపాలి, యంత్రం వారంలో చూపుతుంది, మనుషులు రెండు నెలల్లో చూపుతారు. ఉపాధి హామీ అన్న ఆలోచననే 1972 కరువు నాడు దేశానికి ఇచ్చిన రాష్ట్రంలో, వేసవిలో పనిలేక మనుషులు ఊరు విడుస్తుంటే యంత్రాలు ఊళ్లోకి రావడం నాకు మింగుడుపడదు.

ఇక చెట్ల సంగతి. బుర్కినాకు తూర్పున ఉన్న నైజర్ దేశంలో మరాడి ప్రాంతానికి 1980ల మొదట్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు వచ్చి, నర్సరీ మొక్కలు నాటించి, వాటిలో చాలా భాగం ఎండిపోవడం చూశాడు. 1983లో ఆయన గమనించింది, పొలంలో పొదల్లా కనిపిస్తున్నవన్నీ నరికేసిన చెట్ల మొద్దుల నుంచి చిగురిస్తున్న పిలకలని, వాటికి వేరు అప్పటికే నేలలో లోతుగా ఉందని. మొద్దుకు నాలుగైదు మంచి పిలకలు వదిలి మిగతావి కత్తిరించి, దుక్కి వేళ కాపాడితే నాటకుండానే చెట్టు వస్తుంది. మరాడి, జిందేర్ ప్రాంతాల్లో ఇది రైతు నుంచి రైతుకు పాకి, సుమారు 50 లక్షల హెక్టార్ల మీద చెట్లు మళ్లీ వచ్చాయని ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూసినవారు అంచనా కట్టారు. అక్కడివారు గావో అని పిలిచే చెట్టు, మన తుమ్మకు చుట్టమే, వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. కాబట్టి సజ్జకు నీడ పడదు, పశువుకు మేత దొరుకుతుంది.

ఈ చెట్లు అంతకుముందు ఎందుకు లేవు? ఫ్రెంచి పాలన నాటి అటవీ చట్టంలో పొలంలో మొలిచిన చెట్టు కూడా ప్రభుత్వానిదే. కొమ్మ నరికితే జరిమానా. తనది కాని చెట్టును తన పొలంలో ఎవరూ పెరగనివ్వరు. అందుకే దున్నేటప్పుడు పిలకలను వేళ్లతో సహా తీసేసేవారు. 1980ల నడుమ నుంచి అధికారులు చూసీచూడనట్టు ఉండడం మొదలైంది, 2004లో కొత్త అటవీ చట్టం వచ్చింది, రైతుకు తన పొలం చెట్టు మీద భరోసా పెరిగింది. చెట్లు వచ్చాయి.

మహారాష్ట్ర వృక్షఛేదన నియంత్రణ చట్టం 1964 నాటిది. టేకు, ఇప్ప, మామిడి, చింత, పనస వంటివి దాని జాబితాలో ఉన్నాయి. ఉద్దేశం మంచిదే, గుత్తేదార్లు పల్లెల్లో చెట్లను ఊడ్చుకుపోకుండా ఆపడానికి పెట్టిన చట్టం. కానీ చిన్న రైతు గట్టు మీది టేకు చెట్టును కూతురి పెళ్లికి అమ్ముకోవాలంటే సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, చెట్టు నమోదై ఉండాలి, హద్దు కొలత కావాలి, అనుమతి కావాలి, టేకు గనుక రవాణా పాసు కావాలి. గ్రామ రెవెన్యూ అధికారి అయిన తలాఠి దగ్గరికి, అటవీ కార్యాలయానికి తిరిగి తిరిగి విసిగి, చివరికి దళారికి సగం ధరకు అప్పగించినవారు మా ఊళ్లలో కొల్లలు. అందువల్ల టేకు గింజలు తమంతట తామే మొలిచే మా గుట్టల కింద, గట్టు మీద మొలక కనిపిస్తే జానెడు కాకముందే పీకి పారేసే రైతులున్నారు. ఒకవైపు వానాకాలం రాగానే కోట్ల మొక్కల పండుగ, మరోవైపు వాటంతట అవి మొలిచిన వాటిని భయంతో పీకడం. నైజర్ రైతు చేసినదీ అప్పట్లో ఇదే.

యాటెంగా ఇప్పుడు స్వర్గం కాదు. దశాబ్దం నుంచి బుర్కినా ఉత్తరాన సాయుధ ముఠాల దాడులు పెరిగి, 2023 నాటికి దేశంలో 20 లక్షల మందికి పైగా ఇళ్లు విడిచారు. నలభై ఏళ్ల చాకిరీతో పచ్చబడిన పొలాలను వదిలి పోయినవారు వాళ్లలో ఉన్నారు. రాతి వరుస తుపాకీని ఆపదు. 2007లో ఆఫ్రికా సమాఖ్య సాహెల్ అడ్డంగా 8,000 కిలోమీటర్ల పొడవున మహా హరిత కుడ్యం అనే పచ్చదనపు పట్టీని ప్రకటించినప్పుడు మొదట మొక్కలు నాటడం మీదే చూపు పెట్టి, తరువాత రైతుల పొలాల్లో పిలకలను కాపాడడం వైపు మళ్లవలసి వచ్చింది. అక్కడా పెద్ద పథకాలకు పెద్ద పథకాల జబ్బులే. కాబట్టి ఆఫ్రికాను ఆదర్శంగా మొక్కమని నేను చెప్పడం లేదు. ఒకే నేల మీద యంత్రాల గట్టు చెడి, రైతు వరుస నిలిచిన ఆనవాలు అంత స్పష్టంగా మరోచోట దొరకడం కష్టమని మాత్రమే చెబుతున్నాను.

మన దగ్గర కావలసినవి పెద్ద ఖర్చువి కావు. ఏ ఊళ్లోనైనా కొత్త నీటి పని మంజూరు చేసే ముందు, ఇప్పటికే కట్టినవాటిలో ఏవి తెగాయో, ఏవి పూడాయో గ్రామసభే నడిచి చూసి జాబితా రాయాలి. పూడిక తీయడానికి, తెగిన చోట రాయి పేర్చడానికి డబ్బు ఇచ్చే పద్దు కొత్త కట్టడపు పద్దు కంటే ముందుండాలి. పై వాలు పనులు పూర్తి కాని ఊళ్లో వాగు తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు. ప్రతి గూడెంలో, తండాలో ఇద్దరు ముగ్గురికి, వారిలో ఆడవాళ్లు తప్పకుండా ఉండేటట్టు, లెవెల్ పైపుతో కాంటూరు గీత పెట్టడం నేర్పి, ఆ గీత మీద వారు సంతకం చేశాకే కొలత పుస్తకం తెరవాలి. రాళ్లు ఏరి పేర్చిన కూలి ఉపాధి హామీలో చెల్లించాలి. సొంత పొలంలో చేసుకున్నది సొంత పని గనుక కూలి లేదనే మెలిక చిన్న రైతుల విషయంలో పెట్టకూడదు. గట్టు మీద తానుగా మొలిచిన చెట్టును సాత్‌బారాలో నమోదు చేసే పని తలాఠి ఊళ్లోనే, గ్రామసభ రోజునే చేయాలి. రెండున్నర ఎకరాల లోపు రైతుకు తన గట్టు చెట్టు అమ్మకానికి ఒక్క దరఖాస్తుతో అనుమతి దొరకాలి. ఇందులో చాలా వరకు తాలూకా స్థాయిలోనే చేయదగ్గవి. చెట్ల అనుమతి మాత్రం ముంబయిలో తేలాలి.

ట్రాక్టరు తిరగదు, రాళ్లు దొరకవు, మనుషులు దొరకరు అని మీ పాఠకులు కొందరు అంటారని తెలుసు. రాళ్లు లేని పల్లపు రేగడి ఊళ్లకు ఈ సలహా వర్తించదు, అక్కడ గడ్డి కట్టలు, వెడల్పు మడుల సాగు వంటివి చూడాలి. మనుషులు దొరకరన్న మాట మాత్రం వేసవిలో ఆదిలాబాద్, నిజామాబాద్ ఇటుక బట్టీలకు, హైదరాబాద్ కట్టడాలకు పోయే బస్సులను మా బస్టాండులో చూసినవారు అనరు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. సరిహద్దు ఇవతల మేం తెలుగు పత్రిక కొని చదువుతున్నా, మా జిల్లాల జలయుక్త శివార్, పెసా నిధి ఉత్తర్వుల సారం తెలుగులో ఎక్కడా కనిపించదు. జిల్లా పేజీలో నెలకు ఒక్కసారైనా ఏ పంచాయతీకి ఎంత పెసా నిధి వచ్చింది, గ్రామసభ ఎప్పుడు, ఏ పనులు ప్రతిపాదనలో ఉన్నాయి అన్నది తెలుగులో వేస్తే, జనవరి 26 గ్రామసభకు వెళ్లేవారు ఆ కాగితం చేత పట్టుకుని వెళతారు. లేఖ పొడవైనందుకు మన్నించి ప్రచురించ ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ సహాయకుడు,
కిన్వట్ తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర.